వాడ నుంచి – 17: కాయితం లేని పైసలు



పోయిన భాగంలో నేను అమెరికాలో ఒక యూనివర్సిటీలో ఏడాది పాటు తెలుగు చెప్పి వచ్చిన సంగతి రాశాను. అది చదివి మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు, సూర్యాపేట నుంచి నా పాత విద్యార్థిని ఒకటే అడిగారు. "మేడమ్, క్లాసుల సంగతి బాగుంది. జీతం ఎట్ల తీసుకున్నరు, ఖాతా ఎట్ల తెరిచిన్రు, ఇంటికి ఎట్ల పంపిన్రు, అది రాయరా?"

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి బ్యాంకు ఖాతాల గురించి రాయడమేంటని మొదట అనిపించింది. తర్వాత కోదాడ దగ్గర మా ఊళ్లో, మా ఇంట్లో ఉన్న ఇనుప పెట్టె గుర్తొచ్చింది. అందులో నాయిన ఉపాధి హామీ కూలికి పోస్టాఫీసులో ఇచ్చిన పుస్తకం ఉంది. అమ్మ ఓటరు కార్డు ఉంది. వాటి కింద అరబ్బీ అక్షరాల ఏటీఎం కార్డు ఒకటి ఉంది. అది మా అన్నది. 2016 నుంచి ఏ మిషన్లోనూ పనిచేయదు. అయినా అన్న దాన్ని పారేయనివ్వడు.

కాబట్టి ముందు అన్న కథ.

అన్న ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో హమాలీ పనికి పోయాడు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లు ఆ మిల్లులకు లారీల మీద వస్తాయి. ఆ బస్తాలు దించే వీపులు ఎక్కువగా మన వాడలవే. 2009లో అప్పు చేసి ఏజెంటుకు కట్టి సౌదీ పోయాడు. జీతం నెలకు 1,200 రియాళ్లు. మొదట్లో చేతికే ఇచ్చేవాళ్లు. 2013లో సౌదీ ప్రభుత్వం జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలనే పద్ధతి మొదలుపెట్టాక, వాళ్ల కంపెనీ వంతు వచ్చినప్పుడు అందరికీ కార్డులు పంచారట. ఖాతా కాయితాలు అరబ్బీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం పెట్టానన్నాడు.

ఇంటికి మాత్రం ఏడేళ్లూ హుండీలోనే పంపాడు. ఎందుకంటే పోయిన కొత్తలో నాయినకు బ్యాంకు ఖాతానే లేదు. క్యాంపు నుంచి బజారుకు పోవాలంటే శుక్రవారం దాకా ఆగాలి. హుండీ మనిషి క్యాంపు రూముకే వచ్చేవాడు. బ్యాంకు కన్నా కొంచెం ఎక్కువ రేటు ఇచ్చేవాడు. పొద్దుగూకేసరికి కోదాడలో ఎవరో ఒకరు నాయిన చేతికి నోట్లు ఇచ్చి పోయేవాళ్లు. ఆ పైసలతోనే నేను ఎం.ఏ. చదివాను. ఇది దాచడానికి ఏముంది?

2016లో చమురు ధర పడిపోయి సౌదీలో పెద్ద పెద్ద నిర్మాణ పనులు ఆగిపోయాయి. వేల మంది మన కార్మికులు జీతాల్లేక, తిండి లేక క్యాంపుల్లో చిక్కుకున్నారు. మన రాయబార కార్యాలయం వాళ్లు తిండి పంచాల్సి వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. మా అన్న పనిచేసిన కంపెనీ పేరు పేపర్లో రాలేదు కానీ అక్కడా అదే కథ. ఐదు నెలలు జీతం లేదు. కంపెనీ ఇకామా రెన్యువల్ చేయలేదు. ఆ దేశంలో బ్యాంకు ఖాతా ఇకామాతో ముడిపడి ఉంటుంది. ఇకామా గడువు తీరింది, కార్డు ఆగింది. అందులో 900 రియాళ్లు ఉండిపోయాయి. అన్న కట్టుబట్టలతో వచ్చాడు.

సౌదీ కార్మిక చట్టం ప్రకారం పని ముగిసినప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలి. ఏడేళ్లకు నాలుగున్నర నెలలు, అంటే 5,400 రియాళ్లు. ఐదు నెలల బాకీ 6,000. ఖాతాలో 900. మొత్తం 12,300. అప్పటి లెక్కన రెండు లక్షల ఇరవై వేల రూపాయలు దగ్గర దగ్గర. ఈ లెక్క నేను వేసి చెప్పేదాకా అన్నకు తనకు ఏం రావాలో తెలియదు. అడగడానికి కూడా ఎంత అడగాలో తెలియాలి కదా.

ఇంకో దెబ్బ రెండేళ్ల తర్వాత తగిలింది. ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీతో ఆటో తీసుకుందామని ఒక బ్యాంకుకు కాన్సెంట్ కోసం పోయాడు. అక్కడి సారు అడిగిండట: "ఏడేండ్లు సౌదీల పనిచేసినంటున్నవు. పైసలు వచ్చిన ఆనవాలు ఏది?" హుండీ పైసలకు ఆనవాలు ఎక్కడిది? ఆ రోజు ఇంటికొచ్చి అన్న ఒకటే మాట అన్నాడు. "చెల్లె, నేను ఏడేండ్లు సౌదీల ఉన్నట్టు నా వీపుకు తప్ప ఎవలికీ తెల్వదు."

రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో విదేశాల నుంచి మన దేశానికి 118.7 బిలియన్ డాలర్లు వచ్చాయి. అందులో తెలంగాణ వాటా 8.1 శాతం. బ్యాంకుల ద్వారా, మనీ ట్రాన్స్‌ఫర్ సంస్థల ద్వారా వచ్చినవే ఆ లెక్కలోకి ఎక్కుతాయి. మా అన్న పంపినలాంటి పైసలు ఏ ఏడాది లెక్కలోనూ ఉండవు.

ఇప్పుడు నా సంగతి. 2022 ఆగస్టులో జీతం లేని సెలవు పెట్టి పోయాను. పోయే ముందు సూర్యాపేటలో నా జీతం ఖాతా ఉన్న బ్రాంచికి పోయి, ఉద్యోగానికి విదేశం పోతున్నాను, నా ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చండి, ఇంకో ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి అని అడిగాను. "ఏడాదికి అదంతా ఎందుకు మేడమ్, అందరూ ఇట్లనే పంపుకుంటరు" అన్నారు. నేను తెల్లకాయితం మీద దరఖాస్తు రాసి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చాను. అన్న నేర్పిన పాఠం అది.

మీకూ ఇది అవసరం పడుతుంది కాబట్టి సులువుగా చెప్తాను. ఫెమా చట్టం ప్రకారం ఉద్యోగం కోసం దేశం దాటితే, అది ఒక్క ఏడాదికైనా, మనం ప్రవాసుల కిందే లెక్క. మామూలు సేవింగ్స్ ఖాతాను అట్లాగే నడపకూడదు. ఇక్కడి అద్దెలు, పెన్షన్లు, ఇక్కడి పైసలు ఎన్‌ఆర్‌ఓలో పడాలి. అక్కడ సంపాదించింది ఎన్‌ఆర్‌ఈలో పడాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీకి మాత్రం 30 శాతం, పైన సెస్సు, ముందే కోస్తారు. ఎన్‌ఆర్‌ఈలో పైసలు మళ్లీ విదేశానికి తీసుకుపోవడానికి అడ్డు లేదు. ఇక్కడున్న దగ్గరి బంధువును రెండో పేరుగా పెట్టుకోవచ్చు, కాకపోతే మొదటి మనిషి తర్వాతే వాళ్లకు హక్కు. కనీసం నామినీ పేరు రాయకుండా ఏ ఖాతా తెరవకండి. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల ఇండ్లల్లో ఆడవాళ్లు ఆ ఒక్క గీత ఖాళీగా ఉన్నందుకు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కుతారో మనం చూస్తూనే ఉన్నాం.

అమెరికాలో దిగిన మూడో రోజు ఒక బ్యాంకుకు పోయాను. పాస్‌పోర్టు, వీసా కాయితాలు, యూనివర్సిటీ ఉత్తరం చూపిస్తే సోషల్ సెక్యూరిటీ నంబరు రాకముందే ఖాతా తెరిచారు. కౌంటర్లో కుర్రాడు శాశ్వత చిరునామా అడిగాడు. పాస్‌పోర్టులో ఉన్నదే చెప్పాను. ఇంటి నంబరు, ఎస్సీ కాలనీ, మా ఊరు, కోదాడ. అతను టైపు చేస్తూ ఆగి, "ఎస్సీ అంటే సౌత్ కరోలినానా?" అన్నాడు.

నవ్వొచ్చింది. కాదు, అది మా కాలనీ పేరు అన్నాను. అతను తల ఊపి టైపు చేసుకున్నాడు. అంతే. ఇంతకాలం ఏ కౌంటర్లో ఆ చిరునామా చెప్పినా అవతలి మనిషి ఒకసారి తలెత్తి నా మొహం చూసేవాడు. స్కాలర్‌షిప్ ఫారంలో, హాస్టల్ ఫారంలో, అద్దె ఇంటికి ఇచ్చిన ఆధార్ నకలులో, అన్నింట్లో ఆ చూపు ఉంది. ఇక్కడ అది ఒక రాష్ట్రం పేరులా వినిపించింది. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆ సంబరం వారమే. క్యాంపస్‌లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉందని తెలిసింది. ఏ బ్యాంకులో నెల ఛార్జీ లేదు, ఏ యాప్‌లో పంపితే రేటు బాగుంటుంది, పన్ను ఫారం ఎట్లా నింపాలి, అన్నీ అందులో దొరుకుతాయన్నారు. చేర్చమని అడిగితే ఒకాయన ముందు నా ఇంటిపేరు అడిగాడు. తర్వాత కోదాడలో ఎటువైపు అన్నాడు. చెప్పాను. చేరుస్తాను అన్నాడు. చేర్చలేదు. నేను అక్కడ ఉండగానే, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో కులం ఎక్కడుంది అని అప్పుడు మనవాళ్లు చాలామంది అడిగారు. నాకైతే అది ఒక వాట్సాప్ గ్రూపు గడప దగ్గర కనిపించింది.

అందువల్ల అన్నీ నేనే తప్పులు చేసి నేర్చుకున్నాను. మొదటి నెల ఖాతాలో తక్కువ నిల్వ ఉందని 12 డాలర్లు కోశారు. జీతం నేరుగా పడేట్టు పెట్టుకుంటే ఆ ఛార్జీ ఉండదని తర్వాత తెలిసింది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 22వ అధికరణం కింద అక్కడికి చదువు చెప్పడానికి పోయినవాళ్ల జీతానికి రెండేళ్ల దాకా అమెరికా కేంద్ర ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. దానికి ఒక ఫారం ఇవ్వాలి. నేను ఆలస్యంగా ఇచ్చాను. అప్పటికే కోసిన పన్ను వెనక్కి రావడానికి మరుసటి ఏడాది రిటర్న్ వేసి ఆగాల్సి వచ్చింది. తప్పు నాదే. కానీ ఆ గ్రూపులో ఉన్నవాళ్లకు ఆ తప్పు చేసే అవసరమే రాదు. వాళ్లకు ముందు పోయిన బావో, చిన్నాయన కొడుకో చెప్తాడు. పొలం వారసత్వంగా వచ్చినట్టే ఈ తెలివి కూడా వారసత్వంగా వస్తుంది. మనం మెరిట్ అని పిలిచేదాంట్లో ఇది ఎంత ఉందో ఎవరూ లెక్కగట్టరు.

అసలు సంగతి ఆ చలికాలంలో జరిగింది. ఒకరోజు పొద్దున్నే అమ్మ ఫోన్. గొంతులో సంతోషం.

"బిడ్డా, పటేలమ్మ మనింటికి వచ్చింది. పటేల్ గూడ వచ్చిండు."

మా ఊరి పటేల్ ఇల్లు. అమ్మ ఇరవై ఏళ్లు వాళ్ల పొలంలో నాట్లేసింది, కలుపు తీసింది. కూలి పైసలు గడప బయట నిలబడి తీసుకునేది. వాళ్ల అబ్బాయి టెక్సాస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. వాళ్లు చెప్పింది ఏమంటే, అబ్బాయికి ఫీజుకు డాలర్లు కావాలి. ప్లాటు అమ్మిన నగదు ఇంట్లో ఉంది. బ్యాంకు నుంచి పంపాలంటే పాన్ కార్డు, ఫారాలు, ఏడు లక్షలు దాటితే 5 శాతం టీసీఎస్. అదే నేను అక్కడ మూడు వేల డాలర్లు అబ్బాయి ఖాతాకు పంపితే, ఇక్కడ అమ్మ చేతికి రూపాయలు ఇస్తారు. బ్యాంకు రేటు మీద డాలరుకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తారు.

లెక్క వేస్తే ఆరు వేలు మిగులుతాయి. ఇది కొత్త సంగతేం కాదు. కోదాడలో, సూర్యాపేటలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇండ్ల మధ్య ఇది రోజూ జరిగేదే. వాళ్లలో వాళ్లకు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ నెల ఎవరూ దొరకలేదేమో, మా గడపకు వచ్చారు.

"మంచిగ మాట్లాడిన్రు బిడ్డా. మన ప్లాస్టిక్ కుర్చీల్నే కూసున్నరు. నన్ను 'అమ్మా' అన్నది."

"చాయ్ తాగిందా?"

అమ్మ ఒక క్షణం ఆగింది. "తాగలే. షుగర్ ఉన్నదట."

నేను వెంటనే కాదనలేదు. నిజం చెప్పాలి కదా. ఆరు వేల కోసం కాదు. అమ్మ గొంతులో ఆ సంతోషం నేను ఎన్నడూ వినలేదు. అరవై ఏళ్ల మనిషి, తన గడప ముందు వాళ్లు కూర్చున్న సంబరాన్ని నేను చెడగొట్టాలా? చూస్తానన్నాను. ఆ రాత్రి అన్నకు ఫోన్ చేశాను.

అన్న అంతా విని అన్నాడు. "చెల్లె, ఇదీ హుండీయే. క్యాంపుల మాకు ఒకడు చేసేటోడు, మీకు పటేల్ చేస్తున్నడు. రేపు ఏమన్న అయితే ఆయనకు లాయర్ ఉంటడు. మనకు ఎవలుంటరు?"

అన్న చట్టం చదవలేదు కానీ చెప్పింది చట్టమే. ఫెమా 3వ సెక్షన్ ప్రకారం ఇట్లా అక్కడ ఒకరికి ఇచ్చి ఇక్కడ ఇంకొకరు పుచ్చుకోవడం నిషేధం. 13వ సెక్షన్ కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. పైగా అమ్మ చేతిలో రెండున్నర లక్షల నగదుకు ఏ కాయితమూ ఉండదు. నేను ఏడాది కష్టపడ్డదాంట్లో అంత భాగం మళ్లీ నా వీపుకు మాత్రమే తెలిసిన సంగతి అవుతుంది.

మరునాడు అమ్మకు కాదని చెప్పాను. పటేల్‌కు కూడా నేనే ఫోన్ చేశాను. బ్యాంకు ద్వారా ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, టీసీఎస్ పోయేది కాదు, రిటర్న్ వేస్తే పన్నులో సర్దుతారు, ఫారం నేను చెప్తాను అన్నాను. ఆయన "సరే సరే, అవన్నీ మాకు ఎరుకే" అని పెట్టేశాడు. ఆ అబ్బాయి మీద నాకేం కోపం లేదు. వాడూ ఊరు కాని ఊళ్లో అవస్థ పడుతున్న పిల్లవాడే.

అమ్మ నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "ఒక్కసారి వచ్చిన్రు. మళ్ల రారు" అన్నది. నిజమే, మళ్లీ రాలేదు.

నా ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు ప్రతి నెలా పంపిన డాలర్లకు తేదీతో సహా లెక్క ఉంది. 2023 మే చివర్లో తిరిగొచ్చాక బ్రాంచికి పోయి రెండు ఖాతాలనూ మళ్లీ మామూలు ఖాతాలుగా మార్పించాను. అమెరికా ఖాతాను మాత్రం పన్ను వాపసు వచ్చేదాకా డిసెంబరు వరకు ఉంచాను. అక్కడున్నప్పుడు తెరిచిన ఖాతాను తిరిగొచ్చాక ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఇక్కడ రెసిడెంట్ అయ్యాక ఆ ఖాతాను ఆదాయపు పన్ను రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ కింద చూపాలి. మన ఉద్యోగులు మామూలుగా వేసే ఐటీఆర్-1 అప్పుడు పనికిరాదు. దాచితే 2015 నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా ఉంది. చిన్న మొత్తాలకు మినహాయింపు ఉంది, 2024 అక్టోబరు నుంచి ఆ పరిమితి 20 లక్షలు. అయినా చూపించే బాధ్యత పోదు. ఎక్కడో విదేశంలో వంద డాలర్లతో ఖాతా మరిచిపోయినవాళ్లు ఉంటే ఇది చదివి గుర్తు చేసుకోండి.

మనం బాబాసాహెబ్ పటం ముందు దండం పెడతాం, ఆయన పైసల లెక్క మాత్రం చదవం. 1913లో ఆయన న్యూయార్క్ పోయింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో, నెలకు పదకొండున్నర పౌండ్లు. 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి వెనక్కి వచ్చింది ఆ స్కాలర్‌షిప్ గడువు తీరినందుకే. 1920లో మళ్లీ పోయింది సిడెన్‌హామ్ కాలేజీ జీతంలో మిగిల్చింది, కొల్హాపూర్ షాహూ మహరాజ్ సాయం, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన ఐదు వేల అప్పు కలిపి. అట్లా పోయి ఆయన రాసిన పరిశోధన దేని మీద? రూపాయి మీద. 1923లో అది పుస్తకంగా వచ్చింది. రూపాయి విలువ ఎవరి చేతిలో ఉంటుంది, అది పడితే ఎవరి కూలి కరుగుతుంది అని అడిగిన మనిషి పిల్లలం మనం. మన రూపాయి ఏ దారిన వచ్చిందో చెప్పే కాయితం మన దగ్గర లేకపోతే ఎట్లా?

ఈ మధ్య ఆ పాత విద్యార్థిని మా ఇంటికి వచ్చింది. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద దరఖాస్తు పెట్టింది. 20 లక్షలు ఇస్తారు కానీ మొదటి విడత అక్కడ దిగిన కాయితం చూపాకే, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాకే. వీసాకు ముందు చూపాల్సిన పైసలు ఎక్కడివి? దాని కోసం వాళ్ల నాయిన మూడు రూపాయల వడ్డీకి మాట్లాడుకున్నాడట. ఆ సంగతి వేరే భాగంలో రాస్తాను, అది కొట్లాడాల్సిన సంగతి.

అదే రోజు గల్ఫ్‌కు పోతున్న పిల్లలు ఇద్దరు అన్న కోసం వచ్చి కూర్చున్నారు. అన్న ఇనుప పెట్టె తెరిచి ఆ చచ్చిపోయిన కార్డు తీసి వాళ్ల చేతుల్లో పెట్టాడు. "ఇకామా గడువు తేదీ రాసి పెట్టుకోండ్రి. జీతం పడ్డప్పుడల్లా చీటీ తీసి ఫోటో కొట్టి ఇంటికి పంపుండ్రి. వచ్చేటప్పుడు ఖాతా మూసి రాండ్రి. హుండీ ఒద్దు. రూపాయి తక్కువొచ్చినా ఒద్దు."

అమ్మ అందరికీ చాయ్ పోసింది. అందరూ తాగారు.

మీ వాడ నుంచి ఎవరు విదేశం పోతున్నా ఇది వాళ్లకు చదివి వినిపించండి. మీకు తెలిసినవి కింద రాయండి. మన గ్రూపులో చేరడానికి ఇంటిపేరు అడగం.

జై భీమ్.